తాళం వేసుకున్న చిప్పు: అక్క షాపు లాప్‌టాప్ డైరీ

సోమవారం

పొద్దున తొమ్మిదిన్నరకు దేవరకొండ నుంచి అక్క ఫోన్. “తమ్మీ, పొద్దుగాల సంది పిన్ను తీసుకుంటలేదు. కొట్టిందే కొడుతున్న. పాసుబుక్కు జిరాక్సులకు వచ్చినోళ్లు లైన్ల నిలబడ్డరు.”

అక్కది బస్టాండు దగ్గర చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్. ఆధార్ కార్డులు, పట్టా పాసుబుక్కులు, కులం సర్టిఫికెట్లు, పిల్లల మెమోలు. సగం మండలం కాగితాలు ఆ ఒక్క లాప్‌టాప్‌లో స్కాన్ అయి ఉంటాయి. అందుకే పోయినేడు దాంట్లో లినక్స్ ఎక్కించినప్పుడే డిస్కు మొత్తాన్ని లక్స్‌తో, అంటే లినక్స్‌లో డిస్కుకు తాళం వేసే పద్ధతితో, ఎన్‌క్రిప్ట్ చేశాను. ఎవడైనా ఎత్తుకుపోయినా వాడికి డబ్బా దక్కాలి గానీ లోపలి కాగితాలు దక్కకూడదు. కానీ ఇరవై ముప్పై అక్షరాల పాస్‌వర్డ్ పెడితే అక్క దాన్ని తెల్లారేసరికి స్క్రీను పక్కన కాగితం మీద రాసి అంటిస్తుంది, నాకు తెలుసు. కాబట్టి మదర్‌బోర్డు మీద ఉండే సెక్యూరిటీ చిప్పుకు, అదే టీపీఎంకు, తాళంచెవి అప్పజెప్పి అక్కకు నాలుగంకెల పిన్ను ఇచ్చాను. పిన్ను సరిగ్గా ఉండి, మిషన్ బూటయిన తీరు కూడా ఎప్పటిలాగే ఉంటే చిప్పు చెవి ఇస్తుంది. లేకపోతే ఇవ్వదు. లినక్స్‌ను లేపి నడిపే సిస్టమ్‌డీలో క్రిప్ట్‌ఎన్‌రోల్ అనే పనిముట్టు ఉంది, రెండు నిమిషాల్లో ఈ ఏర్పాటు చేసిపెడుతుంది.

ఏడాదిగా చీమ చిటుక్కుమనలేదు. ఇప్పుడిది.

అదృష్టం కొద్దీ అప్పట్లోనే రికవరీ కీ ఒకటి తీసి, కాగితం మీద ప్రింటు కొట్టి, అక్కవాళ్లింటి బీరువాలో చీరల కింద పెట్టించాను. అల్లుడు సైకిల్ మీద ఇంటికి పోయి తెచ్చాడు. ఆ కీ 64 అక్షరాలు, ఎనిమిదేసి అక్షరాల ఎనిమిది గుంపులు. చాలా దేశాల కీబోర్డుల్లో ఒకేచోట ఉండే 16 అక్షరాలే అందులో వాడతారు కాబట్టి వత్తులూ గుర్తులూ గొడవ లేదు. అయినా ఫోన్లో ఒకరు చదువుతుంటే ఒకరు కొట్టేసరికి నాలుగో ప్రయత్నానికి గానీ తెరుచుకోలేదు. లైన్లో ఉన్నవాళ్లు పక్క షాపుకు పోయారట. ఆ సంగతి అక్క రెండుసార్లు చెప్పింది.

స్క్రీను ఫోటో వాట్సాప్‌లో పంపమన్నాను. పంపింది, కానీ చెయ్యి వణికి అంతా మసక. పైన ఒక్క లైను మాత్రం చదవడానికి వచ్చింది. అందులో టీపీఎం అని ఉంది, బ్రాకెట్లలో ఫర్మ్‌వేర్ బగ్, అంటే చిప్పుల్లోనే ఉండే ప్రోగ్రాంలో లోపం, అని ఉంది. కిందిది కనిపించలేదు. ఆ కనిపించని లైనే అసలుదని తెలియడానికి నాకు ఇంకో ఐదు రోజులు పట్టింది.

సోమవారం రాత్రి

బావ ఏదో పని మీద నల్గొండ వస్తూ లాప్‌టాప్ తెచ్చి ఇచ్చిపోయాడు. చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా అనిపించింది. తిప్పి చూస్తే బ్యాటరీ లేదు. “ఉబ్బింది బామ్మర్దీ, పది దినాలాయె. రిపేరాయన తీసేసిండు, కొత్తది తెప్పిస్తనన్నడు. సార్జరు పెట్టుకొని నడుపుతున్నం” అన్నాడు. సరే, ఉబ్బిన బ్యాటరీ తీసెయ్యడమే మంచిది, చార్జరుంది కదా అనుకుని ఆ విషయం అక్కడితో వదిలేశాను. ఈ డైరీలో నన్ను నేను తిట్టుకోవలసిన వాక్యం ఏదైనా ఉంటే అది ఇదే.

అన్నం తిని కూర్చున్నాను. రికవరీ కీతో తెరిచి, లినక్స్‌కు గుండెకాయ లాంటి కర్నెల్ రాసుకునే లాగ్‌లో టీపీఎం మాట ఉన్న లైన్లన్నీ ఏరాను. ఫోటోలో చూసిన లైను దొరికింది: ఫర్మ్‌వేర్ బగ్, టీపీఎం ఇంటరప్టు పనిచేయడం లేదు, దానికి బదులు పోలింగ్ చేస్తున్నాను. చూడ్డానికి భయంకరంగా ఉంది. అర్థం మాత్రం ఇంతే. చిప్పు తన పని అయిపోగానే “అయింది” అని కర్నెల్‌కు ఒక సైగ చెయ్యాలి. ఏ సైగ ఏ తీగ మీద వస్తుందో బయాస్, అంటే మిషన్ ఆన్ చెయ్యగానే అన్నిటికంటే ముందు లేచే బోర్డు ఫర్మ్‌వేర్, చెప్పాలి. బయాస్ తప్పు చెబితే సైగ రాదు. అప్పుడు కర్నెల్ ఊరుకోకుండా కాసేపటికోసారి తనే వెళ్లి “అయిందా, అయిందా” అని అడుగుతుంది. కొరియరువాడు ఫోన్ చెయ్యకపోతే మనమే గేటు దాకా వెళ్లి చూసొస్తామే, అలాగ.

ఈ లైను మీద రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను. కర్నెల్‌కు రకరకాల బూట్ ఆప్షన్లు ఇచ్చి చూశాను. లైను పోలేదు. కొన్ని అప్‌డేట్లు దిగుతుంటే మిషన్ ఆన్‌లోనే వదిలేసి పడుకున్నాను. మా ఇంట్లో ఇన్వర్టర్ సాకెట్టు.

మంగళవారం

పొద్దున రీస్టార్ట్ చేసి, ఆశ లేకుండానే అక్క పిన్ను కొట్టాను. తెరుచుకుంది!

ఏం చేశానని తెరుచుకుంది? అప్‌డేట్లు పడ్డాయి కాబట్టి అనుకున్నాను. కారణం దొరక్కుండా బాగైన మిషన్ని నమ్మకూడదని ల్యాబులో పిల్లలకు నేనే చెబుతుంటాను. నాకు నేను చెప్పుకోలేదు.

కాలేజీకి వెళ్లాక ఒక పని మాత్రం సరిగ్గా చేశాను. మా ల్యాబులో ఇదే మోడల్ లాప్‌టాప్‌లు ఉన్నాయి, ఏ గొడవా లేకుండా నడుస్తున్నాయి. మూడింటి లాగ్ తీసి చూశాను. మూడింట్లోనూ అదే ఫర్మ్‌వేర్ బగ్ లైను. అంటే రాత్రి నేను తరిమింది దొంగను కాదు, ఆ వీధిలో రోజూ తిరిగే కుక్కను. బాగా ఉన్న మిషన్‌తో పోల్చి చూడటం మొదట చెయ్యాల్సిన పని. నేను రెండో రోజు చేశాను.

అయినా “ఫర్మ్‌వేర్” అన్న మాట బుర్రలోంచి పోలేదు. ఎందుకంటే ఈ చిప్పుల ఫర్మ్‌వేర్‌కు చెడ్డ చరిత్ర ఉంది. 2017 అక్టోబరులో రోకా అనే లోపం బయటపడింది. చెక్ దేశంలోని మసారిక్ యూనివర్సిటీ పరిశోధకులు కనిపెట్టారు. ఇన్ఫినియాన్ కంపెనీ చిప్పుల్లో ఆర్‌ఎస్‌ఏ అనే తాళం పద్ధతికి కీలు తయారుచేసే లైబ్రరీ, కీలను ఊహించడానికి వీలయ్యే పద్ధతిలో తయారుచేస్తోందని తేల్చారు. ఎన్నో లాప్‌టాప్‌ల చిప్పులకు ఫర్మ్‌వేర్ మార్చాల్సి వచ్చింది, పాత కీలు పారేసి కొత్తవి చేసుకోవాల్సి వచ్చింది. 2019లో టీపీఎం ఫెయిల్ అని ఇంకోటి, సంతకం చెయ్యడానికి చిప్పు ఎంతసేపు తీసుకుంటుందో కొలిచి లోపలి రహస్యం లాగేది. అక్క మిషన్‌లోది వేరే చిప్పు. అయినా ఈ సంగతులు తెలిసినవాడికి ఫర్మ్‌వేర్ అనే మాట కనబడితే చెయ్యి ఊరుకోదు.

ఎఫ్‌డబ్ల్యూఅప్‌డీతో చూశాను. లినక్స్‌లో బయాస్, ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు లాప్‌టాప్ కంపెనీల దగ్గర్నుంచి తెచ్చిపెట్టే పనిముట్టు ఇది. చిప్పుకు కొత్త ఫర్మ్‌వేర్ ఏమీ లేదంది. బయాస్‌కు మాత్రం ఉందంది. సరే, అదన్నా చేద్దామంటే బ్యాటరీ లేనిదే ఒప్పుకోనంది. మధ్యలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోతుంది మరి. ఆ జాగ్రత్త మంచిదే. ల్యాబులో ఒక మిషన్ బ్యాటరీ ఊడదీసి ఇంటికి తెచ్చాను. ప్రిన్సిపాల్ గారికి చెప్పలేదు, బుధవారం పొద్దున్నే పెట్టేస్తాను కదా.

రాత్రి పదింటికి బయాస్ అప్‌డేట్ ఎక్కింది. మిషన్ మూడుసార్లు తనంతట తాను రీస్టార్ట్ అయి, ఊపిరి బిగబట్టించి, చివరికి లేచింది. పిన్ను అడిగింది. కొట్టాను. తీసుకోలేదు.

బుధవారం

ఇప్పుడు లాగ్‌లో కొత్త లైన్లు. సెల్ఫ్ టెస్ట్ చెయ్యబోతే టీపీఎం ఎర్రర్ 256 వచ్చింది, టీపీఎంను చేత్తో స్టార్ట్ చేస్తున్నాను, అంటోంది కర్నెల్.

చేత్తో అంటే? టీపీఎం 2.0లో ఒక మర్యాద ఉంది. కరెంటు రాగానే చిప్పు దానంతట అది పనిలోకి దిగదు. ఎవరో ఒకరు “స్టార్టప్” అని ఆజ్ఞ ఇవ్వాలి. ఆ ఎవరో బయాస్ కావాలి. 256 అంటే “నాకింకా ఎవరూ స్టార్టప్ చెప్పలేదు” అని చిప్పు అనడం. బయాస్ చెప్పలేదు కాబట్టి కర్నెల్ తనే చెప్పింది. చిప్పు లేచి కూర్చుంది. మరి పిన్ను ఎందుకు తీసుకోలేదు?

ఇక్కడ పీసీఆర్‌ల గురించి చెప్పాలి. చిప్పులో 24 రిజిస్టర్లు ఉంటాయి. పాతకాలం పట్వారీ దస్త్రం గుర్తుచేసుకోండి. అందులో గీత కొట్టివేసి దిద్దడం కుదరదనుకోండి, కింద ఇంకో వరుస రాయడమే. పైగా ప్రతి కొత్త వరుసలోనూ పై వరుసల ముద్ర కలిసి ఉంటుంది. పీసీఆర్ కూడా అంతే. పాత విలువనూ కొత్త కొలతనూ కలిపి హ్యాష్ చేసి, అంటే వేలిముద్ర లాంటి ఒక సంఖ్యగా మార్చి, అదే చోట రాస్తుంది, వెనక్కి తిప్పడం కుదరదు. మిషన్ లేస్తుంటే బయాస్ తన సొంత కోడు కొలత 0లో, సెక్యూర్ బూట్, అంటే నమ్మకమైన సంతకం ఉన్న ప్రోగ్రాములనే బూట్ కానిచ్చే ఏర్పాటు, ఏ స్థితిలో ఉందో ఆ కొలత 7లో వేస్తుంది. నేను అక్క తాళాన్ని 7కు కట్టాను. ఆ విలువ అదే ఉంటేనే చిప్పు చెవి ఇస్తుంది.

కర్నెల్ తన లోపలి సంగతులు ఫైళ్లలా చూపించే సిస్‌ఎఫ్‌ఎస్‌లో పీసీఆర్‌లు చదివి చూస్తే 0 నుంచి 7 దాకా అన్నీ సున్నాలే. 64 సున్నాల వరుసలు ఎనిమిది. కర్నెల్ లేచేసరికే బయాస్ పని అయిపోతుంది, ఆ కొలతలు ఇక ఎవరూ వెయ్యలేరు. చిప్పు ముందు ఖాళీ దస్త్రం ఉంది. తాళం కట్టిన విలువ అది కాదు. కాబట్టి ఇవ్వనంది. చిప్పు తప్పేమీ లేదు, చెయ్యాల్సిందే చేసింది.

అలాగే కొత్తగా ఎన్‌రోల్ చేద్దామని, అంటే చెవిని చిప్పుకు మళ్లీ అప్పజెప్పుదామని చూస్తే క్రిప్ట్‌ఎన్‌రోల్ కూడా హెచ్చరించింది. మీరు ఎంచుకున్న పీసీఆర్‌లు ఇనిషియలైజ్ కాలేదు, బహుశా ఫర్మ్‌వేర్ సమస్య, పీసీఆర్ షరతు అమలులో లేనట్టే, అయినా చేసేస్తున్నాను, అని. ఆ చివరి మాట చూడండి. హెచ్చరిక చదవకుండా ఎంటర్ కొట్టుకుంటూ పోయేవాడికి పని అయిపోయినట్టే ఉంటుంది. ఖాళీ దస్త్రానికి కట్టిన తాళం అది. వెంటనే లక్స్‌లో ఆ చెవి ఉన్న స్లాటు తుడిచేశాను.

చిప్పును క్లియర్ చేస్తే పోతుందేమో అనిపించింది. బయాస్‌లో ఒక్క మీట. కానీ క్లియర్ అంటే చిప్పు తన మూల బీజాన్నే మార్చేసుకుంటుంది. దాని కింద దాచినవన్నీ శాశ్వతంగా పోతాయి. రికవరీ కీ ఉంది కాబట్టి డిస్కు పోదు, నిజమే. అయినా కారణం తెలియకుండా క్లియర్ కొట్టడం జ్వరానికి కారణం తెలియకుండా గ్లూకోజు ఎక్కించడం లాంటిది. ముందు లక్స్ హెడర్‌ను, అంటే డిస్కులో తాళం వివరాలుండే భాగాన్ని, పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీశాను. క్లియర్ కొట్టలేదు.

తరువాత చేసిందల్లా చాలా మొరటు వైద్యం. చార్జర్ పీకి, బ్యాటరీ ఊడదీసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకున్నాను. బోర్డులో మిగిలిన కరెంటు మొత్తం దిగిపోవాలి. రీస్టార్ట్ చేస్తే చిప్పుకు కరెంటు పూర్తిగా పోదు. బయాస్ అప్‌డేట్ తర్వాత చిప్పూ బయాసూ ఒకదానికొకటి అందకుండా ఉండిపోయినట్టున్నాయి. మళ్లీ పెట్టి ఆన్ చేస్తే 256 పోయింది. పీసీఆర్‌లు నిండాయి. 7 విలువ మాత్రం పాతది కాదు, అప్‌డేట్‌తో సెక్యూర్ బూట్ నిషేధ జాబితా మారినట్టుంది. పాత స్లాటు తీసేసి కొత్తగా ఎన్‌రోల్ చేశాను. పిన్ను పట్టింది. పదిసార్లు రీస్టార్ట్ చేశాను, పదిసార్లూ పట్టింది.

బ్యాటరీ మళ్లీ ల్యాబు మిషన్‌లోకి. ఎవరూ గమనించలేదు.

గురువారం

దేవరకొండ బస్సులో తెలిసినవాళ్ల చేత పంపించాను. “ఫర్మ్‌వేర్ ప్రాబ్లం అక్కా, బయాస్ మార్చిన, అయిపోయింది” అని గొప్పగా చెప్పాను.

శనివారం

మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోన్. అక్క ఏమీ అనలేదు. ఫోన్ బావకిచ్చింది. “బామ్మర్దీ, నీ చిప్పు మా చేతికి చిప్ప ఇచ్చేటట్టుంది” అన్నాడు బావ.

ఈసారి ఫోటో అల్లుడు తీశాడు. ప్రతి అక్షరం కనిపిస్తోంది. పైన ఆ ఫర్మ్‌వేర్ బగ్ లైను. దాని కింద, సోమవారం మసకలో పోయిన లైను: టీపీఎం డిక్షనరీ అటాక్ లాకౌట్‌లో ఉంది.

డిక్షనరీ అటాక్ అంటే పిన్నులు వరసబెట్టి కొట్టిచూసే దాడి. తప్పు పిన్నుల లెక్క హద్దు దాటితే చిప్పు తాళం వేసుకుని కూర్చుంటుంది, సరైన పిన్ను కొట్టినా వినదు. ఇది ఫర్మ్‌వేర్ చెడిపోవడం కానే కాదు. అక్క తప్పు పిన్ను ఎన్నిసార్లు కొట్టిందని అడిగాను. “ఒక్కసారి గూడ కొట్టలే. నాలుగంకెలు గూడ రావా నాకు?” అంది. అక్క మాట నమ్మాను. రోజుకు పదిసార్లు కొట్టే పిన్ను అది.

రోజుకు పదిసార్లు. ఆ మాట నేనే అనుకుని నేనే ఆగిపోయాను. షాపులో లాప్‌టాప్ రోజుకు ఒక్కసారి ఆన్ చెయ్యాలి. పదిసార్లు ఎందుకు కొడుతోంది?

సాయంత్రం బస్సెక్కాను. కనగల్, గుర్రంపోడు, కొండమల్లేపల్లి. దిగేసరికి చీకటి, ఖిల్లా గుట్ట నల్లగా కనిపిస్తోంది. షాపు మూసే టైము. బావ నేను చూస్తుండగానే షట్టర్ పక్కనున్న మెయిన్ స్విచ్ ఠక్కున దించేశాడు. జిరాక్స్ మిషన్, లైట్లు, ఫ్యాను, లాప్‌టాప్, అన్నీ ఒక్కసారే పడుకున్నాయి.

“బావా, లాప్‌టాప్ షట్‌డౌన్ చెయ్యవా?”

“చేసిన గదా.”

ఆదివారం

పొద్దున్నే షాపు తెరిపించి, గిరాకీ లేకముందే కూర్చున్నాను. రికవరీ కీతో తెరిచి ముందు బూట్ల చరిత్ర చూశాను. ఏ బూటు ఎప్పుడు మొదలై ఎలా ముగిసిందో లాస్ట్ అనే ఆదేశం చెబుతుంది. బ్యాటరీ పోయిన రోజు నుంచి క్రాష్, క్రాష్, క్రాష్. రోజుకు ఆరు, ఏడు, ఒకరోజు తొమ్మిది. ఆరు రోజులుగా నా కళ్లముందే ఉన్న మిషన్‌లో ఇది ఒక్క ఆదేశం దూరంలో ఉంది.

ఎందుకన్ని? బల్ల కిందికి దూరి చూశాను. లాప్‌టాప్ చార్జరూ, లామినేషన్ మిషనూ, ప్రింటరూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో. చార్జరు ప్లగ్గు వదులు. లామినేషన్ కోసం అక్క కుర్చీ వెనక్కి జరిపినప్పుడల్లా కాలు ఆ వైరును తగులుతుంది. దానికి తోడు ఊళ్లో కరెంటు పోకడ, మధ్యాహ్నం భోజనానికి బావ మెయిన్ దించడం. బ్యాటరీ ఉన్నన్నాళ్లు ఇవేవీ మిషన్‌కు తెలియలేదు.

తరువాత చిప్పును అడిగాను. టీపీఎం టూల్స్‌లో గెట్‌క్యాప్ ఆదేశంతో మారే లక్షణాల జాబితా తీస్తే లాకౌట్ కౌంటర్ అక్కడే ఉంది: 32. హద్దు కూడా 32. ఒక్కో తప్పు మాఫీ కావడానికి పట్టే సమయం 7200 సెకన్లు, అంటే రెండు గంటలు. తాళం తియ్యబోతే ఎర్రర్ 2337, అంటే ఇదే లాకౌట్.

లాకౌట్ పాస్‌వర్డ్ ఎప్పుడూ పెట్టలేదు కాబట్టి ఖాళీదే. దాంతో కౌంటర్‌ను సున్నా చేశాను. ఇప్పుడు అసలు పరీక్ష.

పిన్ను కొట్టి తెరిచి, లినక్స్ పూర్తిగా లేచాక చార్జర్ పీకేశాను. మళ్లీ ఆన్ చేసి, సరైన పిన్నే కొట్టి, కౌంటర్ చూస్తే 1. ఈసారి మెనూలోంచి మర్యాదగా షట్‌డౌన్ చేసి ఆన్ చేశాను. 1 అలాగే ఉంది. మూడోసారి మర్యాదగానే ఆపి, ఆన్ చేసి, పిన్ను అడుగుతుండగానే, ఏమీ కొట్టకుండా పీకేశాను. మళ్లీ వచ్చి చూస్తే 1, పెరగలేదు. నాలుగోసారి పిన్ను కొట్టాక పీకాను. 2.

అక్క టీ గ్లాసులు పట్టుకొచ్చి, నేను పదేపదే వైరు పీకుతుంటే కాసేపు చూసి, “గిదేనా నీ రిపేరు?” అంది.

ఇదీ సంగతి. పిన్నులు ఊహించే దొంగ ఒక ఉపాయం చెయ్యొచ్చు. తప్పు పిన్ను కొట్టి, చిప్పు ఆ తప్పును తన శాశ్వత మెమరీలో రాసుకునేలోపే కరెంటు పీకెయ్యొచ్చు. అప్పుడు లెక్క పెరగదు, ఎన్నిసార్లయినా కొట్టొచ్చు. దీన్ని అడ్డుకోవడానికి టీపీఎం 2.0 రాసినవాళ్లు ఒక నియమం పెట్టారు. పిన్ను కాపలా ఉన్న వస్తువును ఈ బూటులో ముట్టుకున్నారా, ఆ తర్వాత “షట్‌డౌన్” అని చెప్పకుండానే కరెంటు పోయిందా, అయితే అది తప్పు పిన్ను కిందే లెక్క. మర్యాదగా ఆపితే కర్నెల్ ఆఖర్న చిప్పుకు ఆ మాట చెబుతుంది. వైరు పీకితే చెప్పేవాళ్లు లేరు. సరైన పిన్ను కొడితే పాత లెక్క పోతుందా అంటే పోదు, మన ఫోన్లలాగా కాదు. టైము గడిస్తేనే ఒక్కోటి తగ్గుతుంది. ఆ టైము కూడా మిషన్ నడుస్తుండగా గడవాలి. ఈ షాపులో లాప్‌టాప్ ఏకబిగిన రెండు గంటలు నడిచిన రోజే తక్కువ. మధ్యలో కరెంటు పోతే ఈ చిప్పు ఆ రెండు గంటల లెక్కను మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతున్నట్టు కనిపించింది.

సోమవారం రాత్రి మా ఇంట్లో ఇన్వర్టర్ మీద తెల్లవార్లూ నడిచింది కదా, అప్పుడు మూడో నాలుగో మాఫీ అయ్యాయి. 32 నుంచి 28, 29కి దిగింది. అందుకే మంగళవారం పిన్ను పట్టింది. అప్‌డేట్లకూ దానికీ ఏ సంబంధం లేదు. గురువారం తిరిగి పంపేసరికి కౌంటర్ ఇంకా ఇరవైల్లోనే ఉండి ఉంటుంది, రెండు రోజుల వైరు తన్నుళ్లకు నిండింది. ఇక బయాస్ అప్‌డేటూ, 256 గొడవా, నేను కొని తెచ్చుకున్న టెన్షన్.

ఇదంతా బావకు వివరంగా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. “అంటే మెయిన్ దించినప్పుడల్లా చిప్పుకు నేను దొంగోని లెక్క కనపడ్డనా?”

అవును బావా, రోజుకు రెండుసార్లు.

బుధవారం

కొత్త బ్యాటరీ వచ్చింది. చార్జరు గోడకున్న వేరే ప్లగ్గుకు మారింది, వైరు బల్ల కాలుకు టేపుతో చుట్టాం. పవర్ బటన్ ఒకసారి నొక్కితే షట్‌డౌన్ అయ్యేట్టు సెట్ చేశాను. మెయిన్ దించే ముందు ఆ బటన్ నొక్కాలని బావతో ఒట్టు వేయించుకుంది అక్క.

చిప్పు వైపు కూడా రెండు మార్పులు. ఒకటి, మాఫీ సమయం 7200 నుంచి 600 సెకన్లకు దించాను. విండోస్ 10 కూడా ఈ చిప్పులకు 32 తప్పులు, 10 నిమిషాలు అనే లెక్కే పెడుతుంది. అయితే 10 నిమిషాలకొకటి మాఫీ అంటే దొంగకూ రోజుకు 144 ప్రయత్నాలు దొరుకుతాయి. నాలుగంకెల పిన్నులు మొత్తం 10,000. 69, 70 రోజుల్లో అన్నీ కొట్టెయ్యొచ్చు. ఆరంకెలైతే 10 లక్షలు, దాదాపు 19 ఏళ్లు. కాబట్టి పిన్ను ఆరంకెలకు మార్చాం. అక్క ఏం పెట్టుకుందో నేను చూడలేదు, పెళ్లిరోజు మాత్రం పెట్టొద్దని చెప్పాను.

రెండోది చాలామంది వదిలేసేది, నేనూ ఏడాదిపాటు వదిలేసింది. లాకౌట్ పాస్‌వర్డ్ ఖాళీగా ఉంచితే, దొంగ ఒక పెన్‌డ్రైవ్‌లోంచి లినక్స్ బూట్ చేసి ఆదివారం నేను చేసినట్టే కౌంటర్‌ను సున్నా చేసుకుంటూ పోవచ్చు. కాపలావాడిని పెట్టి, వాడి లెక్కల పుస్తకం గేటు బయట పెట్టినట్టు. దానికి పెద్ద పాస్‌వర్డ్ పెట్టి రికవరీ కీ ఉన్న కాగితం మీదే రాశాను. ఇది తప్పు కొడితే మాత్రం ఈ చిప్పులో 86,400 సెకన్లు, అంటే సరిగ్గా ఒక రోజు ఆగాలి. కాగితం మళ్లీ చీరల కిందికి పోయింది.

ఇంకా, బూటయిన ప్రతిసారీ తేదీ, టైము, లాకౌట్ కౌంటర్ ఒక ఫైలులో రాసే చిన్న స్క్రిప్టు పెట్టాను. వారానికోసారి అక్క నాకు పంపుతుంది.

ఆ ఫర్మ్‌వేర్ బగ్ లైను ఇప్పటికీ ప్రతి బూటులోనూ వస్తూనే ఉంది. కొత్త బయాస్ కూడా దాన్ని బాగుచెయ్యలేదు. రానీ.

ఆదివారం

ఫైలు వచ్చింది. గురువారం 0, శుక్రవారం 0. శనివారం పొద్దున 0. శనివారం మధ్యాహ్నం 2:40కి 1.

మిషన్ రాసుకునే లాగ్, అదే జర్నల్, తెప్పించి చూస్తే దానికి ముందు బూటు మధ్యలోనే తెగిపోయి ఉంది, షట్‌డౌన్ మాటే లేదు. అక్కకు ఫోన్ చేశాను. శనివారం భోజనాల తర్వాత లాప్‌టాప్ ఎట్లా ఆగిందని అడిగాను.

“అట్లెట్ల తెలుసు నీకు?” అంది. ఆ తర్వాత ఫోన్ పక్కకు పెట్టి అల్లుణ్ని పిలిచిన చప్పుడు వినిపించింది. వాడు ఆట ఆడుతుంటే హ్యాంగ్ అయిందట. పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి ఆపేశాడట.

“మామా,” అన్నాడు ఫోన్లో, నెమ్మదిగా, “చిప్పు అమ్మకు గూడ చెప్తదా?”